ఈలకును బంతికిని నడుమ: ఫ్రీకిక్‌ను రిఫరీ నడుపు తీరు

ఫుట్‌బాల్ ఆటలో తప్పు జరిగినదని రిఫరీ ఈల యూదిన క్షణమునకును, ఆ తప్పునకు పరిహారముగా లభించిన ఫ్రీకిక్‌లో బంతి కదలిన క్షణమునకును నడుమ గడచు కాలము గడియారపు లెక్కలోనికి వచ్చునే గాని ఆట లెక్కలోనికి రాదు. ప్రేక్షకుడు ఆ వ్యవధిలో మంచినీరు త్రాగును. టీవీ వ్యాఖ్యాత జరిగిన ఫౌల్‌ను నాలుగు వైపులనుండి చూపించి తర్కించును. మైదానమున నున్నవారికి మాత్రము అది విరామము కాదు. తప్పు చేసిన జట్టువాడొకడు ఏమియు నెరుగనివానివలె వచ్చి బంతికెదురుగా నిలుచును. వేరొకడు బంతిని చేత నెత్తుకొని, ఇచ్చునట్లే చూపి, పది గజముల యవతలకు దొర్లించును. గోల్‌కీపర్ స్తంభమును పట్టుకొని, తన వారిని ఒక యడుగు కుడికి, అర యడుగు ఎడమకు జరుగుడని కేకలు వేయును. తన్నవలసినవాడు రిఫరీ కన్ను తప్పగానే బంతిని మూరెడు ముందుకు జరుపుకొనును. ఇన్ని వైపుల నుండి ఇన్ని చిన్న మోసములు ఒక్కసారి జరుగు ఘట్టము ఆ తొంబది నిమిషములలో మరియొకటి లేదు. దానిని నడుపువాడు మాత్రము ఒక్కడే.

నియమావళిలో పదమూడవ నియమము ఫ్రీకిక్‌ను గూర్చినది. తప్పు జరిగినచోట బంతిని కదలకుండ నిలుపవలెను, ఎదుటివారు 9.15 మీటర్ల దూరమున, అనగా పది గజముల దూరమున, ఉండవలెను. బంతి తన్నబడి స్పష్టముగా కదలినచో ఆట మరల మొదలైనట్లు. తన్నినవాడు బంతి మరియొకరికి తగులకముందే దానిని రెండవసారి తాకరాదు. స్థూలముగా ఇంతే. ఇంతపాటి దానికి ఇంత రభస యేల యని పుస్తకము మాత్రమే చదివినవానికి తోచుట సహజము. రభసకు మూలము నియమములో లేదు. నియమమును అమలుచేయు క్రమములో ఏర్పడిన ఆచారములో ఉన్నది. ఫ్రీకిక్ నష్టపోయిన జట్టుకు చెందిన సొత్తు, దానిని వెంటనే వాడుకొనుటయో తీరికగా వాడుకొనుటయో నిర్ణయించుకొను స్వాతంత్ర్యమును ఆ జట్టుదే, రిఫరీ పని ఆ స్వాతంత్ర్యమును కాచుటయే గాని తప్పు చేసినవారు సర్దుకొను వరకు ఆటను ఆపిపట్టుట కాదు అను మాట ఎవ్వరును కాదనరు. కాని వారమువారము మైదానములలో జరుగుచున్నది మాత్రము చాలవరకు దానికి వ్యతిరేకమే.

ఈ పరిహారము పుట్టుకయే విచిత్రమైనది. 1863లో లండన్ నగరమున ఫుట్‌బాల్ అసోసియేషన్ వారు తొలి నియమములను కూర్చినప్పుడు ఫ్రీకిక్ శిక్షగా లేదు. గాలిలో వచ్చిన బంతిని చక్కగా చేతబట్టినవాడు, తత్‌క్షణమే మడమతో నేలపై గుర్తు గీచి తన హక్కును కోరుకొనినచో, అతనికి ఫ్రీకిక్ దక్కెడిది. అనగా అది నేర్పునకు బహుమానము. చేతితో బంతిని పట్టుట నిషిద్ధమైన పిమ్మట, 1870 తరువాతి దశాబ్దములో, అదే ఫ్రీకిక్ తప్పునకు పరిహారముగా తిరిగివచ్చెను. అప్పటికి నేటి రిఫరీ లేడు. ఒక్కొక్క పక్షమునకు ఒక్కొక్క అంపైరు, వారిరువురకు పొత్తు కుదరనప్పుడు అడుగుటకు గీత వెలుపల నొక మధ్యస్థుడు, ఇదీ ఏర్పాటు. 1891లో ఆ మధ్యస్థుడు మైదానము లోనికి అడుగుపెట్టి రిఫరీ యయ్యెను; అంపైర్లు గీత వెలుపలికి పోయి లైన్స్‌మన్లైరి. ఐర్లండులోని మిల్‌ఫోర్డ్ గ్రామపు గోల్‌కీపర్ విలియమ్ మెక్రమ్ సూచించిన పెనాల్టీ కిక్కును ఆ యేటనే వచ్చెను. అయినను 1903 వరకు ఫ్రీకిక్ నుండి నేరుగా గోల్ చేయుటకు వీలు లేకుండెను. ఆ యేడు డైరెక్ట్ ఫ్రీకిక్ ప్రవేశించుటతో, అంతవరకు ఆటను తిరిగి మొదలుపెట్టు సాధనము మాత్రమే యైనది గోల్‌ను బెదరించు ఆయుధమయ్యెను. ఆయుధము వచ్చిన వెనుక దాని కడ్డుగా దేహములను గోడగా నిలుపవలెనను బుద్ధి పుట్టుటలో వింత యేమున్నది? ఆరు గజములుగా నుండిన దూరమును 1913లో పది గజములకు పెంచిరి. నాటినుండి నేటివరకు రిఫరీల తలనొప్పికి ఆ పది గజములే కారణము.

నేరుగా గోల్ చేయదగినది డైరెక్ట్, మరియొకరికి తగిలిన పిమ్మటనే గోల్‌గా చెల్లునది ఇన్‌డైరెక్ట్ అను భేదము ఆట చూచు వారందరికి తెలిసినదే. మనుష్యుని తన్నుట, పడద్రోయుట, పట్టిలాగుట, చేతితో బంతి నాడుట వంటి వానికి మొదటిది. ఆఫ్‌సైడ్‌కు, ఎదుటివానికి తగులకున్నను ప్రమాదకరమైన ఆటకు, తనవాడు కావలెనని కాలితో అందించిన బంతిని గోల్‌కీపర్ చేతబట్టుటకు రెండవది. ఇన్‌డైరెక్ట్ అని తెలుపుటకు రిఫరీ చేయి తలపైకెత్తి, తన్నిన బంతి మరియొకరిని తాకువరకో గీత దాటువరకో అట్లే యుంచవలెను. చూచుటకు ఇది అల్పమైన మర్యాదగా తోచును. కాని రిఫరీ చేయి యెత్త మరచి, బంతి నేరుగా గోల్‌లో పడినచో, ఆ కిక్‌ను మరల తన్నింపవలెనని నియమము స్పష్టముగా చెప్పుచున్నది. రిఫరీ పొరపాటునకు తన్నినవాడు నష్టపడరాదను న్యాయబుద్ధి అందులో నున్నది. ఈ యొక్క వాక్యములో కనబడు ధర్మదృష్టి ఫ్రీకిక్ నిర్వహణమంతట కనబడినచో ఈ వ్యాసమునకు పని లేకపోయెడిది.

ఇక అసలు విషయము. ఫ్రీకిక్‌ను నడుపుటకు రెండు తెన్నులున్నవి. మొదటిది త్వరితగతిని తన్నునది: బంతి నిలిచినచో చాలును, ఈల అక్కరలేదు, ఎదుటివారు పది గజముల దూరమునకు పోవువరకు ఆగవలసిన పనియు లేదు. దగ్గరనున్న ఎదుటివానికి బంతి తగిలి చిక్కినను, తొందరపడి తన్నినవానిదే నష్టము గనుక ఆట సాగిపోవును. రెండవది లాంఛనముతో కూడినది: దూరము కొలిపింపుమని తన్నువాడు అడిగినప్పుడో, పసుపు కార్డు చూపవలసి వచ్చినప్పుడో, గాయపడినవానికి చికిత్స జరుగునప్పుడో, మార్పు ఆటగాడు లోనికి వచ్చునప్పుడో రిఫరీ తన ఈలను చేతబట్టి పైకెత్తి చూపి, ఇది మ్రోగువరకు తన్నరాదని సైగ చేయును. ఈ రెండింటి నడుమ మూడవ స్థితి యుండరాదు. ఉండునేని, అది పూర్తిగా రిఫరీ సృష్టియే. ఫ్రీకిక్ వలన పుట్టిన పెద్ద తగవులను పరిశీలించినచో, ఏ స్థితిలో ఉన్నదియు మైదానములో సగము మందికి తెలియకపోవుటయే ప్రతి దానికి మొదలుగా కనబడును.

2004 డిసెంబరు 12న లండన్‌లోని హైబరీ మైదానమున ఆర్సెనల్, చెల్సీ జట్లు ఆడుచుండగా ఆర్సెనల్‌కు పెనాల్టీ పెట్టె చెంత ఫ్రీకిక్ లభించెను. రిఫరీ గ్రాహమ్ పోల్, తన్నబోవు తియరీ ఆన్రీని ఈల కొరకు ఆగెదవా, వెంటనే తన్నెదవా యని అడిగెను. వెంటనే యని ఆన్రీ కోరెను. చెల్సీ గోల్‌కీపర్ పీటర్ చెక్ స్తంభము చెంత నిలిచి తన గోడను సరిచూచుకొనుచుండగానే బంతి వలలో పడెను. చెల్సీవారు ఆగ్రహించిరి, ఆట 2-2గా ముగిసెను. నియమ దృష్టితో చూచినచో పోల్ చేసినదానిలో దోషము లేదు. నష్టపోయిన జట్టును ఎన్నుకొమ్మని అడుగుట ఆ నియమము కోరునదే. అయినను ఆ ప్రశ్న తన్నువానికి మాత్రమే వినబడినది; గోడ కట్టుకొనుచున్నవారు తాము అలవాటుగా ఎదురుచూచు ఈలకొరకే ఎదురుచూచిరి. కొందరు విమర్శకులు రిఫరీ ఆ సంగతి రక్షణ జట్టునకును చెప్పవలసి యుండెననిరి. ఈ వాదము నాకు సమ్మతము కాదు. త్వరితముగా తన్నుట యొక్క ప్రాణమే ఎదుటివారు సిద్ధముగా లేకుండుటలో ఉన్నప్పుడు, సిద్ధముకండని రిఫరీయే హెచ్చరించినచో మిగులునది యేమి?

2007 ఫిబ్రవరిలో ఛాంపియన్స్ లీగ్ పోటీలో ఫ్రాన్సు దేశపు లీల్ జట్టుపై మాంచెస్టర్ యునైటెడ్‌కు చెందిన ర్యాన్ గిగ్స్ ఇట్లే ఈల లేకుండ, గోడ కుదురకమునుపే గోల్ చేసినప్పుడు లీల్ ఆటగాండ్రు కొందరు నిరసనగా మైదానము అంచునకు నడచిపోయిరి. కొంత సేపటికి తిరిగివచ్చి ఆడిరి. ఆ గోల్‌తోనే 1-0గా ఓడిరి. ఇంతకంటె తీవ్రమైనది మన దేశములోనే జరిగినది. 2023 మార్చి 3న బెంగుళూరు కంఠీరవ స్టేడియమున ఇండియన్ సూపర్ లీగ్ నాకౌట్ ఆట. బెంగుళూరు, కేరళ బ్లాస్టర్స్ జట్లు తొంబది నిమిషములలో గోల్ లేక అదనపు సమయములోనికి ప్రవేశించినవి. అదనపు సమయము మొదలైన కొద్దిసేపటికే పెనాల్టీ పెట్టె వెలుపల బెంగుళూరుకు ఫ్రీకిక్. కేరళ గోల్‌కీపర్ తన వారిని కూర్చుకొనుచుండగా సునీల్ ఛేత్రి బంతిని మెల్లగా ఎత్తి వలలోనికి పంపెను. రిఫరీ క్రిస్టల్ జాన్ గోల్ ఇచ్చెను. కేరళ శిక్షకుడు ఇవాన్ వుకొమనోవిచ్ తన జట్టును మైదానము నుండి పిలుచుకొని పోయెను. వారు మరి తిరిగి రాలేదు. ఆట బెంగుళూరుదైనది. తరువాత అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య క్రమశిక్షణ సంఘము కేరళ జట్టునకు నాలుగు కోట్ల రూపాయల జరిమానాయు, శిక్షకునకు పది ఆటల నిషేధమును విధించెను.

ఆ రాత్రి జరిగిన దానిపై దేశమంతట వాదములు చెలరేగినవి. జట్టును పిలుచుకొని పోవుట తప్పనుటలో ఎవరికిని సందేహము లేదు. ఆ తప్పునకు శిక్షయు పడినది. అయితే కేరళ అభిమానుల మాటలో ఒక గింజ యున్నది. పెట్టె అంచున దొరకిన ఫ్రీకిక్‌కు ఈల యూదుట ఇంచుమించు ప్రతి ఆటలోను చూచి చూచి, అదియే నియమమని ఆటగాండ్రు నమ్ముచున్నారు. అట్లు నమ్మించినది రిఫరీలే. వంద మారులు అడుగకయే ఈలకొరకు ఆపి, నూటొకటవ మారు ఆపకపోయినచో, ఆ నూటొకటవది న్యాయమైనను అన్యాయముగానే కనబడును. అందుచేత నిందింపవలసినది ఆ ఒక్క నిర్ణయమును గాదు, దానికి ముందు జరిగిన వంద అనవసరపు నిలుపుదలలను.

ఈ పొరపాటున కొక విరుగుడు 2019లో నియమకర్తలు ఆలోచించిరి. అంతవరకు రిఫరీ పసుపు కార్డు చూపదలచినచో ఆట నాపి, కార్డు చూపి, పిమ్మటనే తన్ననీయవలసి యుండెను. ఆ సందులో తప్పు చేసిన జట్టు హాయిగా గోడ కట్టుకొనెడిది. తప్పు చేసినవానికి కార్డు రూపమున శిక్ష, వాని జట్టుకు కాలము రూపమున బహుమానము! ఇప్పుడు రిఫరీ ఇంకను కార్డు తీయ నారంభింపకయున్నచో, నష్టపోయిన జట్టు త్వరితముగా తన్ని స్పష్టమైన గోల్ అవకాశము సంపాదించుకొనినయెడల, ఆటను సాగనిచ్చి, బంతి ఆగిన పిమ్మట కార్డు చూపవచ్చును. చిన్న సవరణయే గాని సరియైన దిక్కునకు వేసిన అడుగు.

లాంఛనముతో కూడిన కిక్‌లో రిఫరీ చేయు పనిని దగ్గరగా చూచినచో అందులోని కష్టము తెలియును. ముందుగా అతడు బంతి చెంతకు వచ్చి, తన్నువానికి ఈల చూపి ఆగుమనును. పిదప గోడ నుండవలసిన చోటికి నడచును. ఈ నడకలో అతని వీపు బంతివైపు తిరుగరాదు, తిరిగెనా, బంతి ముందుకు జరిగినదనియే అర్థము. కావున అతడు ప్రక్కవాటుగా, ఒక కన్ను బంతిమీదను ఒక కన్ను గోడమీదను నిలిపి, పొలము గట్టు తగవులో ఇరుపక్షముల నడుమ గొలుసు లాగు కరణమువలె నడువవలెను. పది గజములను అడుగులతో లెక్కించువారు కొందరు. అనుభవజ్ఞులు కంటితోనే కొలుతురు. కంటికి కొలబద్ద మైదానములోనే గీయబడి యున్నది: నడిమి వృత్తపు వ్యాసార్ధము 9.15 మీటర్లు, పెనాల్టీ పెట్టె ముందున్న చాపము పెనాల్టీ బిందువునుండి అంతే దూరము. ఆ వంపును రోజును చూచు కన్నునకు దూరము అలవాటగుటలో ఆశ్చర్యము లేదు. గోడను వెనుకకు త్రోయునప్పుడు చేతితో తాకకుండ మాటతోను, తాను నిలుచు చోటుతోను జరుపుట నేర్పరి లక్షణము. గోడ కుదిరినదని తోచిన పిదప, గోడయు, తన్నువాడును, పెట్టెలోని గుంపును ఒక్క చూపులో పడు చోటికి వెనుదీయవలెను. ఆఫ్‌సైడ్ గీతను సహాయకునకు వదలవలెను. ఆ మీదట ఈల.

ఇంత శ్రమ యెందులకో లెక్కవేసి చూడవచ్చును. గంటకు నూరు కిలోమీటర్ల వేగముతో వచ్చు బంతి సెకనుకు ఇరువదియెనిమిది మీటర్లు పోవును, 9.15 మీటర్లు దాటుటకు సెకనులో మూడవ వంతు చాలును. గోడ ఒక్క మీటరు ముందుకు జరిగినచో ఆ కొద్ది వ్యవధిలో తొమ్మిదవ వంతు తరుగును, గోల్ ముఖములో అది మూయు భాగమును ఆ మేరకు పెరుగును. 7.32 మీటర్ల వెడల్పుగల గోల్‌లో సగమును గోడకు, సగమును గోల్‌కీపర్‌కు పంచి రక్షణను ఏర్పరచుకొను జట్టుకు ఈ దొంగ మీటరు ఎంత విలువైనదో వేరుగ చెప్పనక్కరలేదు.

గోడను నిలుపుటకు ఏదైన గుర్తు కావలెనను తలపు బ్రెజిల్ దేశమున ఫలించినది. హైనే అలెమాన్యా అను బ్రెజిల్ వాసి, నేలపై చల్లినచో తెల్లగా కనబడి కొలది సేపటికి మాయమగు నురుగును సిద్ధము చేసెను. 2000 ప్రాంతమున అక్కడి పోటీలలో అది వాడుకలోనికి వచ్చెను. 2012లో నియమకర్తలు అంగీకరించిరి. 2014 ప్రపంచ కప్ ప్రారంభపు ఆటలో సావో పాలో నగరమున జపాన్ రిఫరీ యూయిచి నిషిమూర నడుమునుండి ఆ నురుగు డబ్బా తీసి గడ్డిమీద గీత గీయుటను లోకమంతయు చూచెను. నురుగు వలన గోడ ముందుకు ప్రాకుట తగ్గినదనుట నిజము. తన్నువాడు బంతిని జరుపుకొనుటయు తగ్గినది. కాని ఒక నష్టమును గమనింపవలెను. డబ్బా వచ్చిన పిమ్మట రిఫరీలు, అడిగినను అడుగకున్నను, ప్రతి కిక్‌కును గీత గీయుటకు అలవాటుపడుచున్నారు. గీత గీయుటయన్నచో ఆట నాపుటయే. దూరమును కాపాడు పరికరము కాలమును హరించునదైనది.

దీనికంటె కఠినమైన ప్రయోగమొకటి ఇంగ్లండున ఈ శతాబ్ది ఆరంభమున జరిగి 2005లో ముగిసెను. రగ్బీ నుండి తెచ్చుకొనిన పద్ధతి యిది: తప్పు చేసిన జట్టు దూరము పాటింపకున్నను, రిఫరీతో వాదించినను, బంతిని విసరివైచినను, ఫ్రీకిక్ స్థలమును పది గజములు ముందుకు జరుపుదురు. వినుటకు ఇంతకన్న న్యాయమైనది లేదు. ఆచరణలో చిక్కెక్కడనగా, గోల్‌కు ఇరువదియైదు గజముల దూరమున నున్న బంతి వంపు తిప్పి గోడ మీదుగా కొట్టుటకు అనువైనది. దానిని పదునైదు గజములకు తెచ్చినచో గోడ దాటిన బంతి క్రిందికి దిగుటకు చోటే యుండదు. శిక్ష పడినవానికి మేలయ్యెను. మైదానము నడుమ మాత్రము ఈ పద్ధతి నిజముగా పనిచేసియుండెడిది. రగ్బీ ఎరుగని దేశములలో దానికి ఆదరణ కుదురలేదు. విడిచివేయుటకు బదులు, తన్నువానికే ముందుకు జరుగుటయా మానుటయా యను ఎంపిక యిచ్చి చూడవలసినదని నా యభిప్రాయము. ఎంపికను నష్టపోయినవానికి విడుచుట యను మూలసూత్రమును మరచినందుననే అది చెడినది.

గోడలోని పోట్లాట మరియొక తంటా. తన్ను జట్టువారిలో ఇద్దరు ముగ్గురు గోడలో చొరబడి, ఎదుటివారిని తోయుచు, బంతి వచ్చు క్షణమున ప్రక్కకు తొలగి సందు చేయుట పరిపాటియై, రిఫరీ నిమిషముల తరబడి ఆ గుంపును విడదీయవలసి వచ్చుచుండెను. 2019 సవరణ ముగ్గురో అంతకెక్కువమందియో గల గోడకు ఒక్క మీటరులోపల తన్ను జట్టువాడు ఉండరాదని శాసించెను. ఉన్నచో ఎదుటివారికి ఇన్‌డైరెక్ట్ ఫ్రీకిక్. ఏండ్ల కలహము ఒక్క వాక్యముతో తీరినది. రిఫరీ వివేకమునకు వదలిన దానికన్న గీత గీచినట్లు చెప్పిన దానికే ఆటగాండ్రు లోబడుదురనుటకు ఇది మంచి తార్కాణము.

తన్నువాని యుక్తులను మాత్రము రిఫరీలును నియమములును ఉదారముగానే చూచినవి. తన్నబోవునట్లు నటించి ఎదుటివారిని మభ్యపెట్టుట అనుమతింపబడినదే. 2014లో పోర్టో అలెగ్రేలో అల్జీరియాపై జర్మనీ ఆటగాడు థామస్ ముల్లర్ పరుగెత్తుచు తూలి పడినట్లు పడి లేచిన హాస్యఘట్టము సఫలము కాకున్నను నియమవిరుద్ధము కాదు. అంతకు పూర్వము 1970 అక్టోబరులో ఎవర్టన్‌పై కోవెంట్రీ జట్టు ఆటగాడు విల్లీ కార్ బంతిని రెండు మడమల నడుమ నిఱికించుకొని పైకి విసరగా, ఎర్నీ హంట్ దానిని గాలిలోనే కొట్టి గోల్ చేసెను. ఆ యుక్తిని ఆ పిమ్మట నిషేధించిరి. నేటి నియమావళిలోనో, ఒక పాదముతో గాని రెండు పాదములతో ఒక్కసారిగా గాని బంతిని పైకెత్తి ఫ్రీకిక్ తన్నవచ్చునని వ్రాసియున్నది. కార్ అర్ధశతాబ్దము ముందుగా పుట్టినాడనుకొనవలెను.

దూరము పాటింపని వానికి పసుపు కార్డు తప్పనిసరి. ఈ నియమమునకు ప్రపంచమంతట ప్రసిద్ధికెక్కిన ఉదాహరణము 1974 ప్రపంచ కప్‌లో, గెల్సెన్‌కిర్షెన్ పట్టణమున జరిగినది. బ్రెజిల్ ఫ్రీకిక్ తన్నబోవుచుండగా, ఈల మ్రోగిన వెంటనే, జైర్ దేశపు రక్షకుడు మ్వేపు ఇలుంగా గోడనుండి ఉరికివచ్చి బంతిని దూరముగా తన్నివేసెను. రుమేనియా రిఫరీ నికోలాయ్ రైనియా పసుపు కార్డు చూపెను. ఆఫ్రికా వారికి నియమములు తెలియవని నాడు లోకము నవ్వినది. నియమము తనకు బాగుగా తెలియుననియు, తమను పట్టించుకొనని పాలకులపై నిరసనగా అట్లు చేసితిననియు ఇలుంగా తరువాతి కాలమున చెప్పెను. ఆ నవ్వులో ఆట తెలియనితనము ఎవరిదో ఆలోచింపదగియున్నది. ఎట్లైనను ఆ ఒక్కని ఉల్లంఘనము కన్నులకు కట్టినట్లుండెను గనుక కార్డు సులభమయ్యెను. నేటి ఉల్లంఘనము అట్టిది కాదు. ఫౌల్ జరిగిన మరుక్షణమే ఒకడు బంతికి రెండడుగుల దూరమున నిలిచి, చేతులు రెండును ప్రక్కలకు చాచి, నేనేమి చేసితినని రిఫరీని అడుగును. అతడు నిలిచిన నాలుగు సెకనులలో వాని జట్టు బంతి వెనుకకు చేరిపోవును. త్వరితముగా తన్నకుండ కావలెనని అడ్డుపడువానికి కార్డు చూపవలసినదేయని నియమము విస్పష్టముగా చెప్పుచున్నను, రిఫరీలలో పెక్కుమంది వానిని చేతితో ప్రక్కకు పంపి, నవ్వి, వదలుచున్నారు. ఫ్రీకిక్ నిర్వహణములో నాకు కనబడు పెద్ద లోపమిదియే. నురుగు డబ్బాలును, మీటరు గీతలును బంతికి పది గజముల అవతల జరుగు మోసమునకు మందులు. అసలు దొంగతనము రెండడుగులలో జరుగుచున్నది.

మైదానములో ఆడి పిమ్మట ఈల పట్టినవారు ఈ దొంగతనమును తొందరగా పసిగట్టుదురు. 1960 రోమ్ ఒలింపిక్స్ భారత జట్టులో నుండిన హైదరాబాదు వాడు, ప్రఖ్యాత శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్ కుమారుడు సయ్యద్ షాహిద్ హకీమ్ పిదప ఫిఫా రిఫరీ యయ్యెను. అట్టివారు నేడు అరుదు. ఆడుట మానినవారు శిక్షకులగుటకు ఉవ్విళ్లూరుదురే గాని తిట్లు తినుటకు ఎవరు వచ్చెదరు?

వీడియో సహాయము ఈ విషయమున చేయగలిగినది కొంచెమే. ఫ్రీకిక్ ఇచ్చుట, మానుట దాని పరిధిలోనివి కావు; తప్పు పెనాల్టీ గీత లోపల జరిగినదా వెలుపల జరిగినదా యనుటయు, గోడలో ఎగిరినవాని చేతికి పెట్టెలో బంతి తగిలినదా యనుటయు అది చూడగలదు. దూరము, స్థలము, కాలము అను మూడును మైదానములోని మనుష్యుని కంటికే మిగిలియున్నవి.

పెట్టె లోపలి ఇన్‌డైరెక్ట్ ఫ్రీకిక్ వలె రిఫరీని ఇరుకునబెట్టునది మరియొకటి లేదు. గోల్‌కు ఏడెనిమిది గజముల దూరమున బంతి యుండగా పది గజముల గోడకు చోటెక్కడిది? స్తంభముల నడుమ గోల్ గీతమీద నిలుచుటకు నియమము అనుమతించుచున్నది గనుక పదునొకండుగురు వచ్చి వరుసగా నిలుతురు. బంతి కదలకమునుపే గుంపుగా దూకుదురు. మరల తన్నించుట, మరల దూకుట. ఈ ప్రహసనమునకు జంకియే కాబోలు, గోల్‌కీపర్ బంతిని ఆరు సెకనులకు మించి చేతనుంచుకొనినచో ఇన్‌డైరెక్ట్ ఫ్రీకిక్ ఇయ్యవలెనను నియమమును రిఫరీలు ఇంచుమించు మరచిరి. మరవని దొకసారి ఏమైనదో 2012 ఒలింపిక్స్ మహిళల సెమీఫైనల్ చూపినది. మాంచెస్టర్ నగరపు ఓల్డ్ ట్రఫర్డ్‌లో కెనడా 3-2 ముందంజలో ఉండగా, నార్వే రిఫరీ క్రిస్టినా పెడర్సెన్ కెనడా గోల్‌కీపర్ ఎరిన్ మెక్లాయిడ్‌పై ఆ తప్పు పట్టెను. ఆ కిక్‌లో బంతి కెనడా ఆటగత్తె చేతికి తగులగా పెనాల్టీ. అమెరికా సమము చేసి, అదనపు సమయపు కడపటి ఘడియలలో 4-3గా గెలిచెను. నియమము ప్రకారము తీర్పు చెల్లును. కాని అందరు రిఫరీలును వదలుచున్న తప్పును ఒక్కరు పట్టినప్పుడు, పట్టినవారే నిందితులైరి. బెంగుళూరులో జరిగినదియు ఈ జాతిదే.

నియమకర్తలు ఈ పాఠమును ఆలస్యముగానైనను గ్రహించిరి. 2025 నుండి గోల్‌కీపర్‌కు ఎనిమిది సెకనుల గడువిచ్చి, మీరినచో ఇన్‌డైరెక్ట్ ఫ్రీకిక్‌కు బదులు కార్నర్ కిక్ విధించిరి. కడపటి అయిదు సెకనులను రిఫరీ చేయెత్తి వ్రేళ్లతో అందరకు కనబడునట్లు లెక్కించును. శిక్ష తేలికయైనందున రిఫరీకి జంకు లేదు. లెక్క బహిరంగమైనందున ఆటగానికి సాకు లేదు. ఈ పద్ధతినే బంతికి రెండడుగులలో నిలుచువానికి ఏల వర్తింపజేయరాదు? ఈల మ్రోగిన పిదప మూడు సెకనులు బహిరంగముగా లెక్కించి, అప్పటికిని తొలగని వానికి మొదటి నిమిషమైనను తొంబదవ నిమిషమైనను కార్డు చూపుట ఒక పోటీలో, ఒక ఋతువు పాటు, తప్పకుండ జరిపించి చూచినచో, తన్నువారిలో ఎందరు అసలు గోడ కొలిపింపుమని అడుగుదురో అప్పుడు లెక్క తేలును.